మొదటి జీతం, మొదటి కిస్తీ



నర్సంపేటకు 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఆ ఏడు తెలంగాణలో అనుమతి పొందిన ఎనిమిది కొత్త కాలేజీల్లో ఇదొకటి. ఏడాదికి 50 ఎంబీబీఎస్ సీట్లు. పాకాల చెరువు కింద వరి, చెలకల్లో మిర్చి, మక్క, పత్తి పండించుకునే ఈ ప్రాంతానికి అది చిన్న సంగతి కాదు. ఏ పెద్ద జబ్బొచ్చినా 40 కిలోమీటర్లు ప్రయాణించి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పరుగెత్తిన కుటుంబాలు ఇక్కడ వేలల్లో ఉంటాయి. కాలేజీ వచ్చినప్పుడు అందరూ డాక్టర్ల గురించి మాట్లాడుకున్నారు. కానీ రోగి మంచం పక్కన ఇరవై నాలుగు గంటలూ ఉండేది నర్సు. పడకలు పెరిగితే ముందు కావలసింది నర్సులే.

ఖానాపురం, నల్లబెల్లి, దుగ్గొండి, చెన్నారావుపేట, నెక్కొండ మండలాల్లో ఇంటర్ బైపీసీ చదివిన ఆడపిల్లలున్న ఇళ్లలో ప్రతి వేసవిలో ఒకటే చర్చ. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు, ఇప్పుడేం చేయాలి? మామూలు డిగ్రీయా, ఫార్మసీయా, నర్సింగా? చాలామంది నర్సింగ్ వైపే మొగ్గుతారు. చదువు అయిపోగానే ఖాళీగా కూర్చోవలసిన పని ఉండదన్న నమ్మకం దానికి కారణం. ఆ నమ్మకం వట్టిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 2 కోట్ల 98 లక్షల మంది నర్సులున్నారు. 2023 నాటికి ఇంకా 58 లక్షల మంది కొరత ఉంది. పని చేసే చేతులకు పని దొరుకుతుంది. అయితే పని దొరకడం ఒకటి, ఆ పనికి వచ్చే జీతంతో చదువుకోసం చేసిన అప్పు తీరడం మరొకటి. ఇళ్లలో మొదటి దాని గురించి గంటలు గంటలు మాట్లాడతారు. రెండోదాన్ని దేవుడి మీద వేస్తారు. ఆ రెండో లెక్క తీయడానికే ఈ ప్రసంగం.

ముందు అప్పు ఎలా పుడుతుందో చూడాలి. ఈ ప్రాంతంలో ఇంటి డబ్బు పంటతో వస్తుంది, పంటతో పోతుంది. మిర్చి బస్తాలు వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు చేరితేనే చేతిలో నాలుగు పైసలు ఆడతాయి. కాలేజీ ఫీజు గడువు మాత్రం మార్కెట్ ధరను అడిగి రాదు. 2021 చివర్లో తామర పురుగు మిర్చిని తినేసింది. మిగిలిన చేలను 2022 జనవరిలో నర్సంపేట ప్రాంతంలో కురిసిన వడగండ్ల వాన నేలమట్టం చేసింది. 2025లో పంట ఉన్నా ధర లేకపోయింది. ఇలాంటి ఏడాదిలో కూతురి రెండో సంవత్సరం ఫీజు కట్టవలసిన తండ్రికి మిగిలే దారులు మూడే. మహిళా సంఘంలో వేరే అవసరం పేరుతో తీసుకున్న రుణాన్ని ఫీజుకు మళ్లించడం, పుస్తెలతాడు తాకట్టు పెట్టడం, లేదా ఊళ్లోనో పట్నంలోనో నూటికి రెండు రూపాయల మిత్తికి తేవడం. బ్యాంకు విద్యారుణం నాలుగో దారి. చాలా ఇళ్లలో అది చివరికి గాని గుర్తుకు రాదు. ఆడపిల్ల పేరు మీద అప్పు ఉంటే పెండ్లికి అడ్డమవుతుందన్న భయం కూడా కొందరిని బ్యాంకు గడప తొక్కనివ్వదు. ఊళ్లో చేసిన అప్పు తండ్రి పేరు మీదనే ఉంటుంది కదా అనుకుంటారు. నిజానికి విద్యారుణంలోనూ తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెట్టవలసిందే. అప్పు ఎక్కడ తెచ్చినా భారం ఇంటిదే. తేడా అంతా మిత్తిలో ఉంది.

ఆ తేడా ఎంతో అంకెల్లో చూద్దాం. శ్రోతల దగ్గర కాగితం, కలం ఉంటే రాసుకోవచ్చు.

నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు ఏడాదికి లక్ష చొప్పున 4 లక్షలు అవుతుందనుకుందాం. ఇది లెక్క కోసం తీసుకున్న గుండ్రటి అంకె. అసలు ఖర్చు సీటును బట్టి, హాస్టల్‌ను బట్టి మారుతుంది. బ్యాంకు మిత్తి నూటికి ఏడాదికి 10 అనుకుందాం. బ్యాంకుల విద్యారుణ పథకం ప్రకారం చదువు కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది వరకు కిస్తీ కట్టనక్కర లేదు. కానీ మిత్తి ఆగదు. ఆ అయిదేళ్లూ సాధారణ వడ్డీ లెక్కన నడుస్తూనే ఉంటుంది. మొదటి ఏడాది తీసుకున్న లక్షకు అయిదేళ్ల మిత్తి 50 వేలు. రెండో లక్షకు 40 వేలు, మూడో లక్షకు 30 వేలు, నాలుగో లక్షకు 20 వేలు. మొత్తం లక్షా 40 వేలు. అంటే మొదటి కిస్తీ కట్టే రోజుకు బాకీ 4 లక్షలు కాదు, 5 లక్షల 40 వేలు. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు 7,136 రూపాయలు కట్టాలి. పదేళ్లకు కట్టేది 8 లక్షల 56 వేలకు పైమాటే. పదిహేనేళ్లు పెట్టుకుంటే కిస్తీ 5,803కు దిగుతుంది, కానీ కట్టే మొత్తం 10 లక్షలు దాటుతుంది.

ఇక రెండు రూపాయల మిత్తి. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24. అదే 4 లక్షలు, అదే అయిదేళ్లు, చక్రవడ్డీ కూడా వేయకుండా చూసినా మిత్తి ఒక్కటే 3 లక్షల 36 వేలు అవుతుంది. ఉద్యోగంలో చేరాక అసలు ముట్టకుండా నెలనెలా మిత్తి మాత్రమే కట్టాలన్నా 8 వేలు కావాలి. అసలు అట్లాగే ఉంటుంది.

ఈ అంకెల పక్కన జీతాల అంకెలు పెట్టాలి. ఇక్కడే ఎక్కువ కుటుంబాలు పొరపాటు పడుతున్నాయి. పక్క ఊరి అమ్మాయికి సర్కారు కొలువు వచ్చింది, యాభై వేలకు దగ్గరగా జీతమట అని విని, ఆ జీతాన్ని మనసులో పెట్టుకుని అప్పు చేస్తున్నాయి.

సర్కారు జీతం నిజమే. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ వేతన స్కేలు 36,750తో మొదలై 1,06,990 దాకా వెళ్తుంది. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం దానికి అదనం. బీబీనగర్‌తో సహా ఎయిమ్స్ ఆసుపత్రుల్లో మూల వేతనమే 44,900. ఈ జీతాల మీద 7,136 రూపాయల కిస్తీ పెద్ద బరువు కాదు. రాష్ట్ర ప్రభుత్వ మూల వేతనంలో అది అయిదో వంతు కూడా లేదు. ఎయిమ్స్ జీతంలో ఆరో వంతు. ఇంతకన్నా క్షేమమైన అప్పు రైతు ఇంట్లో మరొకటి ఉండదు.

కాని ఆ కొలువు ఎప్పుడు వస్తుంది? 2017 నవంబర్‌లో టీఎస్‌పీఎస్సీ 3,311 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ నియామకాలు తేలడానికి ఏళ్లు పట్టాయి. తర్వాతి పెద్ద నోటిఫికేషన్ మెడికల్ నియామక బోర్డు నుంచి 2022 డిసెంబర్ 30న వచ్చింది. 5,204 పోస్టులతో మొదలై 7,094కు పెరిగింది. 2023 ఆగస్టులో పరీక్ష జరిగింది. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలు అందాయి. అదొక మంచి రోజు. ఆ స్టేడియంలో కూర్చున్న వాళ్లలో ఎందరి ఇళ్లలోనో ఆ కాగితంతోనే అప్పు తీరే దారి కనబడి ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో మరో 2,050 పోస్టులు పడ్డాయి. రెండుసార్లూ దరఖాస్తు చేసుకున్న వాళ్లు 40 వేలకు పైగానే. మొదటిసారి ఇంచుమించు ఆరుగురిలో ఒకరికి దక్కితే, రెండోసారి ఇరవై మందిలో ఒకరికి దక్కే పరిస్థితి.

గమనించవలసింది ఇదే. బ్యాంకు ఇచ్చే గడువు చదువు ముగిశాక ఒక్క ఏడాది. 2017 నోటిఫికేషన్‌కు, 2022 నోటిఫికేషన్‌కు మధ్య అయిదేళ్లు. 2018లో చదువు ముగించుకున్న అమ్మాయికి 2019లో కిస్తీ మొదలైంది. ఆమె పోటీ పడగల పెద్ద నోటిఫికేషన్ కోసం మరో మూడేళ్లు ఎదురుచూడవలసి వచ్చింది. ఆ మధ్య కాలమంతా కిస్తీ కట్టింది ప్రైవేటు ఆసుపత్రి జీతమే. అందుకే అప్పును తూచవలసింది కల కన్న జీతంతో కాదు, చేతికొచ్చే మొదటి జీతంతో.

నెలకు 15 వేలు వచ్చే ఉద్యోగమనుకుందాం. ఆ జీతంలో 7,136 అంటే దాదాపు సగం. మిగిలిన దాంట్లో హనుమకొండలోనో హైదరాబాద్‌లోనో హాస్టల్ అద్దె, తిండి, ఇంటికి పంపే నాలుగు రూపాయలు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి కడుపునిండా తినడానికి కూడా లెక్క చూసుకోవాలి. రెండు రూపాయల మిత్తి అప్పయితే సగానికి పైగా మిత్తికే పోతుంది. జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు స్టాఫ్ నర్సుకు ఇచ్చే 29,900 రూపాయలైతే కిస్తీ నాలుగో వంతు లోపు ఉంటుంది, బతుకు సాగుతుంది. ఒకటే డిగ్రీ, ఒకటే రిజిస్ట్రేషన్, ఒకటే పని. ఆసుపత్రి గేటును బట్టి అప్పు మోయగలిగేదవుతుంది, లేదా మోయలేనిదవుతుంది.

కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ కొలువులకైనా భరోసా తక్కువ. 2020 జూలైలో కరోనా ముమ్మరంగా ఉన్నప్పుడు గాంధీ ఆసుపత్రి అవుట్‌సోర్సింగ్ నర్సులు విధులు ఆపి నిరసనకు దిగారు. అప్పటికి వాళ్ల జీతం 17,500. కొత్తగా తీసుకుంటున్న వాళ్లకు 25 వేలు ఇస్తామంటూ, ఏళ్ల తరబడి చేస్తున్న తమకు అది ఎందుకివ్వరని అడిగారు. 2021 జూలైలో 1,640 మంది అవుట్‌సోర్సింగ్ నర్సులను ప్రభుత్వం విధుల నుంచి తొలగించింది. మహమ్మారి రోజుల్లో చప్పట్లు అందుకున్న వాళ్లు ఏడాదిన్నర తిరగకుండానే ఉద్యోగం కోసం రోడ్డెక్కారు. ఆ నెల కిస్తీ ఎవరు కట్టి ఉంటారు?

ప్రైవేటు ఆసుపత్రుల జీతాల గురించి ఎవరూ పట్టించుకోలేదని అనలేం. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరిలో కేంద్రాన్ని కమిటీ వేయమంది. ఆ కమిటీ సిఫార్సులు స్పష్టంగా ఉన్నాయి. 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో నర్సుకు ప్రభుత్వ నర్సుతో సమానమైన జీతం ఇవ్వాలి. 100 పడకలు దాటితే ఆ జీతంలో పది శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 పడకలుంటే పాతిక శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు పడకలున్న చిన్న ఆసుపత్రిలోనైనా 20 వేలకు తక్కువ ఇవ్వకూడదు. కేంద్ర ఆరోగ్య శాఖ వీటిని అమలు చేయమని రాష్ట్రాలకు పంపింది. దాదాపు పదేళ్లవుతోంది. ఆ 20 వేలైనా ప్రతి నర్సింగ్‌హోమ్‌లో ఖచ్చితంగా దక్కితే, ఇందాకటి కిస్తీ జీతంలో మూడో వంతు దగ్గరికి దిగుతుంది. నర్సింగ్ అప్పుల సమస్యకు మందు బ్యాంకులో కన్నా ఆసుపత్రి జీతాల పట్టీలోనే ఎక్కువగా ఉంది.

దేశం మొత్తం మీద 2020 డిసెంబర్ నాటికి ప్రభుత్వ రంగ బ్యాంకుల విద్యారుణాల్లో నూటికి దాదాపు తొమ్మిదిన్నర రూపాయలు మొండి బాకీలు. కోర్సుల వారీగా చూస్తే నర్సింగ్ అప్పులు ఆ జాబితాలో ముందు వరసలో ఉన్నాయి. నర్సుకు ఉద్యోగం లేక కాదు ఈ స్థితి. ఉద్యోగం ఉండి, జీతం చాలక.

కేరళ ఈ బాధను మనకన్నా ముందే పడింది. ఇంటింటికో నర్సు ఉన్న ఆ రాష్ట్రంలో బ్యాంకు అప్పుతో నర్సింగ్ చదవడం మామూలు. జీతాలు మాత్రం కిస్తీలకు కూడా సరిపోలేదు. 2011, 2012 సంవత్సరాల్లో అక్కడి ప్రైవేటు ఆసుపత్రుల నర్సులు సమ్మెలకు దిగారు. త్రిశూర్ కేంద్రంగా యునైటెడ్ నర్సెస్ అసోసియేషన్ పుట్టింది అప్పుడే. 2014లో ఇరాక్‌లోని తిక్రిత్ నగరం ఉగ్రవాదుల చేతిలో పడ్డప్పుడు 46 మంది భారతీయ నర్సులు ఆసుపత్రిలో చిక్కుకున్నారు. దాదాపు అందరూ మలయాళీలే. బయట కాల్పులు జరుగుతున్నా వాళ్లలో కొందరు వెనక్కి రావడానికి మొదట వెనకాడారు. ఇంటి దగ్గర విద్యారుణాలున్నాయి, ఏజెంట్లకు కట్టడానికి చేసిన అప్పులున్నాయి, ఉట్టి చేతులతో పోయి ఏం చెప్పాలని. జూలై 5న వాళ్లు క్షేమంగా కొచ్చిలో దిగారు. తుపాకుల కన్నా బ్యాంకు నోటీసుకు ఎక్కువ భయపడే స్థితికి ఒక చదువు మనుషులను తీసుకుపోయిందంటే, ఆ చదువుకు అప్పు ఇచ్చే పద్ధతిలో ఎక్కడో పెద్ద లోపమే ఉంది.

కేరళ ప్రభుత్వం ఆ పాఠం నేర్చుకుంది. 2017లో 900 కోట్ల రూపాయలతో విద్యారుణాలు తీర్చడానికి సాయం చేసే పథకం తెచ్చింది. 2018లో ప్రైవేటు ఆసుపత్రి నర్సుకు కనీస వేతనం 20 వేలుగా నిర్ణయించింది. సమ్మె చేస్తే గాని కదల్లేదు, కానీ కదిలింది. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ దారి తెరిచే ఉంది.

ఇంగ్లండ్ మరో రకం పాఠం చెబుతుంది. అక్కడ 2017 వరకు నర్సింగ్ విద్యార్థులకు ఫీజు ప్రభుత్వమే భరించి, పైగా ఖర్చులకు భృతి ఇచ్చేది. ఆ ఏడు దాన్ని ఎత్తేసి అప్పు తీసుకుని చదువుకోమన్నారు. వెంటనే దరఖాస్తులు నూటికి 23 తగ్గిపోయాయి. 2020లో ఏడాదికి 5 వేల పౌండ్ల సాయం మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. సంపన్న దేశంలోనే అప్పు పేరు వింటే నర్సింగ్‌కు వచ్చేవాళ్లు వెనక్కి తగ్గారు. ఎకరంన్నర మిర్చి మీద బతికే ఇంటి సంగతి వేరే చెప్పాలా?

ఇక్కడ తెలంగాణ చేసిన ఒక మంచి పనిని గట్టిగా చెప్పాలి. 2022లో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీల విద్యార్థుల స్టైపెండ్‌ను రాష్ట్ర ప్రభుత్వం బాగా పెంచింది. మొదటి ఏడాది నెలకు 1,500 ఉన్నది 5 వేలయింది. రెండో ఏడాది 6 వేలు, మూడో ఏడాది 7 వేలు, నాలుగో ఏడాది 8 వేలు. నెలనెలా అందితే నాలుగేళ్లకు 3 లక్షల 12 వేల రూపాయలు. ఒకే జిల్లాలో, ఒకే ఇంటర్ మార్కులతో, ఒక అమ్మాయి చదువుకుంటూ మూడు లక్షలు అందుకుంటే, ఇంకో అమ్మాయి చదువుకోసం అయిదు లక్షల బాకీలో పడుతుంది. ఈ తేడా తెచ్చేది ఎంసెట్ అని మనం ఇంకా పిలుచుకుంటున్న ఎప్‌సెట్ ర్యాంకు. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం మన వరంగల్‌లోనే ఉంది. కన్వీనర్ కోటా బీఎస్సీ నర్సింగ్ సీట్లను ఆ ర్యాంకు ఆధారంగా అదే భర్తీ చేస్తుంది. నర్సింగే కదా, సీటు ఎట్లయినా దొరుకుతుందిలే అని ఆ పరీక్షను తేలిగ్గా తీసుకునే పిల్లలున్నారు. ఆ పరీక్షలో కొన్ని మార్కుల విలువ కొన్ని లక్షల రూపాయలు. ఒక ఏడాది మళ్లీ చదివి ప్రభుత్వ కాలేజీలో సీటు తెచ్చుకోవడం, అప్పు చేసి మేనేజ్‌మెంట్ కోటాలో చేరడం కన్నా ఎన్నో రెట్లు మేలు.

కన్వీనర్ సీటు ప్రైవేటు కాలేజీలో వస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. బీసీలకు ఆదాయ పరిమితి పల్లెలో లక్షన్నర, పట్టణంలో 2 లక్షలు. మేనేజ్‌మెంట్ కోటాకు అది వర్తించదు. ఈ ఒక్క సంగతి చేరాక తెలుసుకుని బాధపడ్డ తల్లిదండ్రులు చాలామంది. అయితే రీయింబర్స్‌మెంట్ ఉన్నా చిక్కు తీరడం లేదు. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని కాలేజీలు మూసేస్తామనే దాకా వచ్చిన సంగతి 2025లో అందరూ చూశారు. బకాయి పడింది ప్రభుత్వం, ఒత్తిడి పడేది విద్యార్థి మీద. ఫీజు కడితేనే సర్టిఫికెట్లు అని ఆపితే ఏమవుతుందో ఆలోచించండి. సర్టిఫికెట్ లేకపోతే నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కాదు. రిజిస్ట్రేషన్ లేకపోతే ఏ మంచి ఆసుపత్రీ తీసుకోదు, ఏ నోటిఫికేషన్‌కూ దరఖాస్తు చేయడం కుదరదు. బ్యాంకు ఇచ్చిన ఏడాది గడువు మాత్రం కరిగిపోతూనే ఉంటుంది. ఒక సంతకం ఆరు నెలలు ఆగితే ఒక కుటుంబం ఆరు నెలల జీతం పోగొట్టుకుంటుంది. కొన్ని ఆసుపత్రులు కూడా ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్స్ తీసుకుని, బాండ్ రాయించుకుని, మధ్యలో మానేస్తే డబ్బు కట్టమంటాయి. చదువుకున్న మనిషి కాగితాలను తాకట్టు వస్తువుగా చూడటం తప్పు. దీన్ని జిల్లా యంత్రాంగం చూసీ చూడనట్టు వదిలేయడం ఇంకా పెద్ద తప్పు.

అప్పు తగ్గించుకునే చిన్న దారులు కూడా ఉన్నాయి. 2023 డిసెంబర్ నుంచి మహిళలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. నర్సంపేట నుంచి వరంగల్‌కు రోజూ వెళ్లి రాగలిగితే హాస్టల్ ఖర్చు మిగులుతుంది. క్లినికల్ డ్యూటీలు మొదలయ్యాక పొద్దున్నే చేరాలి కాబట్టి అందరికీ కుదరకపోవచ్చు, కొన్ని కాలేజీలు హాస్టల్‌లో ఉండక తప్పదంటాయి. ఆ షరతు చేరకముందే అడిగి తెలుసుకోవాలి. సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్లలో సీటు దొరికితే తిండి, వసతి ఖర్చు మొత్తంగా తప్పుతుంది.

బ్యాంకు దగ్గర తప్పక అడగవలసింది ఒకటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే, చదువు కాలానికి, ఆ తర్వాతి ఏడాదికి అయ్యే మిత్తిని కేంద్ర ప్రభుత్వమే కట్టే పథకం 2009 నుంచి ఉంది. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఉండాలి. తహసీల్దార్ ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం ఇవ్వాలి. ఇందాకటి లెక్కలో లక్షా 40 వేలు అలా తప్పిపోతే, పదేళ్ల కిస్తీ 7,136 నుంచి 5,286కు దిగుతుంది. నెలకు 1,850 మిగులుతుంది. పదేళ్లకు 2 లక్షల 22 వేలు. నాలుగు లక్షల దాకా అప్పుకు తాకట్టు గాని, మన వాటా కింద కట్టవలసింది గాని ఏమీ ఉండదు. అయినా చాలామంది మిత్తి రాయితీ మాటే వినకుండా కాగితాల మీద సంతకాలు పెట్టేస్తారు. మేనేజర్ చెప్పకపోతే విద్యార్థే అడగాలి. ఏటా ఆ రాయితీ తన ఖాతాలో జమవుతోందో లేదో చూసుకోవాలి.

విదేశాల సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. ఎందుకంటే చాలా అప్పులు విదేశీ జీతాన్ని చూసే పుడుతున్నాయి. అమెరికాలో 2024 మే నాటికి రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు. ఇంగ్లండ్‌లో కొత్త నర్సుకు 2025-26లో 31,049 పౌండ్లు. వినడానికి కళ్లు తిరుగుతాయి. కానీ అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష దాటాలి, ఆ తర్వాత వీసా కోసం ఏళ్లు ఎదురు చూడాలి. బ్రిటన్‌కు ఇంగ్లిష్ పరీక్షలైన ఐఈఎల్‌టీఎస్‌లో ఏడు స్కోరు గాని, ఓఈటీ గాని కావాలి, అక్కడికి వెళ్లాక మరో పరీక్ష. 2024-25లో బ్రిటన్ బయటి దేశాల నర్సులను తీసుకోవడం బాగా తగ్గించింది. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందాలంటే ఆ భాషలో బీ2 స్థాయి రావాలి. ఇవేవీ అసాధ్యం కాదు, మన పిల్లలు సాధిస్తున్నారు కూడా. కానీ ఇవి చదువు అయిన మర్నాడు జరిగేవి కావు. మొదటి మూడు నాలుగేళ్ల కిస్తీలు వీటి మీద ఆధారపడకూడదు.

ఏజెంట్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. కువైట్ నియామకాల్లో ఒక్కో నర్సు నుంచి ఇరవై లక్షల దాకా గుంజిన మోసాలు బయటపడ్డాక, 2015లో కేంద్రం గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నిబంధన పెట్టింది. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ అలాంటి సంస్థలే. టామ్‌కామ్ జర్మనీ, జపాన్ కొలువుల కోసం భాషా శిక్షణ కూడా ఇప్పిస్తోంది. లైసెన్సున్న ప్రైవేటు ఏజెంటు అయినా నియామక రుసుము కింద 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఎక్కువ తీసుకోకూడదు. అంతకు మించి అడిగినవాడు చట్టం తప్పినవాడు. చదువు అప్పు మీద ఏజెంటు అప్పు పేర్చుకుంటే, తిక్రిత్‌లో ఆ అమ్మాయిలు పడ్డ ఇరుకు ఎవరికైనా ఎదురుకావచ్చు.

మూడేళ్ల జీఎన్‌ఎం డిప్లొమా చదవాలా, నాలుగేళ్ల బీఎస్సీ చదవాలా అన్నది మరో ప్రశ్న. ఒక ఏడాది ఫీజు మిగులుతుంది, ఒక ఏడాది ముందే జీతం వస్తుంది అన్నవి జీఎన్‌ఎం వైపు నిలిచే మాటలు. అయితే ఎయిమ్స్ పరీక్షకు బీఎస్సీ వాళ్లు నేరుగా వెళ్లవచ్చు, జీఎన్‌ఎం వాళ్లకు యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. విదేశాల్లో కూడా డిగ్రీకే విలువెక్కువ. తక్కువ అప్పుతో దొరికితే బీఎస్సీయే మంచిది. అయిదారు లక్షలు అప్పు చేస్తేనే బీఎస్సీ అయ్యే ఇంట్లో జీఎన్‌ఎం చదివి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తి చేయడం తెలివైన పని.

నర్సింగ్ గొప్ప చదువు. పదిహేడు పద్దెనిమిదేళ్లకు ఊరు దాటని ఆడపిల్లను అది ఇరవై రెండేళ్లకు ఐసీయూలో ప్రాణాలు కాచే మనిషిని చేస్తుంది. అలాంటి చదువును అప్పు భయంతో వదులుకోమని చెప్పడం అన్యాయం. అప్పు ఎంతైనా చేసెయ్యమని చెప్పడం అంతకంటే అన్యాయం. సీటు కోసం బయలుదేరే ముందు ప్రతి ఇంట్లో ఒక లెక్క వేసుకోవాలి. నాలుగేళ్లకు పడే మొత్తం అప్పుకు పదేళ్ల కిస్తీ ఎంతవుతుంది? అదే కాలేజీలో నిరుడు చదువు ముగించిన పిల్లలకు ఇప్పుడు చేతికొస్తున్న జీతం ఎంత? కాలేజీ వాళ్లను కాదు, ఆ పిల్లలనే అడగాలి. కిస్తీ ఆ జీతంలో మూడో వంతు దాటుతుంటే ఆ సీటు ఆ ఇంటికి ఖరీదైన సీటే. తక్కువ ఖర్చయ్యే మరో దారి వెతకాలి.

ప్రభుత్వానికి చేసే విన్నపం కూడా ఉంది. 2016 కమిటీ చెప్పిన జీతాలను తెలంగాణలో ప్రతి ప్రైవేటు ఆసుపత్రి చేత ఇప్పించండి. నర్సుల నియామకాలకు ఎప్పుడో ఒకసారి కాకుండా ఏటా నోటిఫికేషన్ ఇవ్వండి. రీయింబర్స్‌మెంట్ బకాయి ఉన్నంత మాత్రాన ఏ విద్యార్థి సర్టిఫికెట్టూ ఆగకుండా చూడండి. ఈ వేసవిలో కూతురిని నర్సింగ్‌లో చేర్చబోతున్న నర్సంపేట ప్రాంతపు తల్లిదండ్రులు మాత్రం ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర లేదు. మొదటి సంవత్సరం ఫీజు కట్టకముందే ఆదాయ ధ్రువపత్రం చేత పట్టుకుని మీ బ్యాంకుకు వెళ్లండి. మిత్తి రాయితీ మాకు వర్తిస్తుందా అని అడగండి. జవాబును కాగితం మీద రాయించుకోండి.